వేలూరు డాక్టరమ్మ

వేలూరు ఆసుపత్రి పేరు మీరు వినే ఉంటారు. అది చిత్తూరుకు దగ్గర్లో, తమిళనాడులో ఉంది. మన పెద్దవాళ్ళు ఆ ఊరిని రాయవేలూరు అంటారు. పెద్ద జబ్బు చేస్తే మనవాళ్ళు ఎంతోమంది అక్కడికి పోతారు. ఆ ఆసుపత్రినీ, డాక్టర్ల కాలేజీనీ మొదలుపెట్టింది ఒక ఆడమనిషి. ఆమె పేరు ఐడా స్కడర్.

ఐడా 1870లో వేలూరు దగ్గర రాణిపేటలో పుట్టింది. వాళ్ళది అమెరికా కుటుంబం. తాత డాక్టరు. తండ్రీ డాక్టరే. మతప్రచారం కోసం వచ్చి, ఇక్కడ వైద్యం చేసేవారు. ఐడాకు మాత్రం ఆ పని ఇష్టం లేదు. అమెరికాలోనే ఉండిపోవాలనుకుంది.

ఒక్క రాత్రి, మూడు చావులు

1890లో తల్లికి జబ్బు చేసింది. ఐడా తిరిగి వచ్చింది. అప్పుడు వాళ్ళు తిండివనంలో ఉండేవారు. ఒక రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ముగ్గురి భార్యలకూ కానుపు కష్టమైంది. వచ్చి చూడమని ఐడాను అడిగారు. తనకు వైద్యం రాదనీ, తండ్రిని పంపుతాననీ ఆమె చెప్పింది. వాళ్ళు ఒప్పుకోలేదు. పరాయి మగవాడు తమ ఆడవాళ్ళను చూడకూడదన్నారు.

తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు.

డాక్టరు ఉన్నాడు. మందులున్నాయి. ఆడ డాక్టరు మాత్రం లేదు. ఆ రాత్రితో ఐడా మనసు మారింది. తానే డాక్టరు కావాలనుకుంది.

ఒక్కరు చాలరు

ఐడా 1899లో అమెరికాలో డాక్టరు పరీక్ష ప్యాసయ్యింది. 1900లో వేలూరు వచ్చింది. ముందు ఇంట్లోనే మందులిచ్చింది. 1902లో 40 మంచాల ఆడవాళ్ళ ఆసుపత్రి తెరిచింది. పల్లెలకు పోయి, దారి పక్కన చెట్ల కింద కూడా వైద్యం చేసేది.

రోగులు పెరిగారు. రాత్రీ పగలూ కష్టపడినా ఒక్క మనిషి ఎంతమందిని చూడగలదు? ఆడపిల్లలకు ఈ పని నేర్పాలి అనుకుంది. 1909లో నర్సుల బడి పెట్టింది. 1918లో ఆడపిల్లల కోసం డాక్టర్ల బడి పెట్టింది. తానే ప్రిన్సిపాల్ అయ్యింది.

ఆడపిల్లలు ఈ చదువు చదవగలరా అని చాలామంది అనుమానపడ్డారు. మొదట 17 మంది చేరారు. వాళ్ళలో 14 మంది 1922లో డాక్టర్లయి బయటికి వచ్చారు.

కాలేజీ నిలిచింది

1930ల చివర కొత్త నిబంధన వచ్చింది. డాక్టర్ల బడులన్నీ ఎం.బి.బి.ఎస్. చెప్పే కాలేజీలు కావాలి. లేకుంటే మూసెయ్యాలి. దానికి ఇంకా పంతుళ్ళు కావాలి, మంచాలు కావాలి, డబ్బు కావాలి.

అప్పటికి ఐడాకు 70 ఏళ్ళు దాటాయి. అయినా 1941లో అమెరికా పోయి, ఊరూరా తిరిగి చందాలు అడిగింది. మగపిల్లలనూ చేర్చుకుందామన్న మాట వచ్చింది. ఆడపిల్లల కాలేజీలో వాళ్ళెందుకని కొందరు కోప్పడ్డారు. కాలేజీ బతకాలని ఐడా ఒప్పుకుంది. 1942లో ఎం.బి.బి.ఎస్. మొదలైంది. 1947లో మగపిల్లలూ చేరారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ కాలేజీ బాధ్యత డాక్టర్ హిల్డా లాజరస్ తీసుకుంది. ఆమె మన విశాఖపట్నంలో పుట్టింది. కాలేజీని నడిపిన మొదటి భారతీయురాలు ఆమే. 1961లో పద్మశ్రీ అందుకుంది.

ఐడా 1960లో చనిపోయింది. ఆమె నాటిన చెట్టు ఇప్పటికీ నీడనిస్తోంది.

నేడు మనకు 108 బండి ఉంది. ఊళ్ళో నర్సమ్మ ఉంది. నొప్పులు మొదలైతే ఆలస్యం చెయ్యకండి. ఎవరు చూడాలి అని వాదులాడుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

మాటలు – అర్థాలు

కానుపు = బిడ్డ పుట్టడం, పురుడు
నిబంధన = పాటించాల్సిన కట్టుబాటు
చందా = నలుగురూ ఇచ్చే డబ్బు

చెప్పండి

1. ముగ్గురు తల్లులు ఎందుకు చనిపోయారు?
2. ఆసుపత్రి ఉన్నా, ఐడా డాక్టర్ల బడి ఎందుకు పెట్టింది?
3. మీ ఊరికి దగ్గర్లో కానుపులు చేసే ఆసుపత్రి ఎక్కడుంది?

లెక్క చెయ్యండి

ఐడా వేలూరు వచ్చింది 1900లో. డాక్టర్ల బడి పెట్టింది 1918లో. మధ్యలో ఎన్నేళ్ళు?