రంగము వెళ్లిన కూలివారు

పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 24:14–22. దీనితోకూడ రూతు గ్రంథము 2వ అధ్యాయమును చదువుకొనవలెను.



ఈ పాఠమును మిరపకోతల కాలములో వ్రాయుచున్నాను. మన చెరువుగట్టుమీద కర్నూలు వైపునుండి సుగ్గికి వచ్చిన కుటుంబములు పట్టాలు కట్టుకొని దిగియున్నవి. పోయిన ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన సంఘస్థులిద్దరు నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, వాళ్లు తక్కువ కూలికి ఒప్పుకుని మా పనులు పోగొడుతున్నారండి. గుడి బోరింగు దగ్గరికి వాళ్లను రానివ్వకండి" అని అడిగిరి. నేను బోరింగుకు తాళము వేయలేదు. వేయనని వారి ముఖము ఎదుట చెప్పనును లేదు. ఊరక నవ్వి, ప్రార్థన చేయుదమంటిని. ఆ రాత్రి నాకు మా ముత్తాత జ్ఞాపకము వచ్చెను. ఆయనయు పరదేశపు కూలియే.

మాది శ్రీకాకుళము వైపు. అక్కడి పాతవారు రంగూనును రంగమనెడివారు. పంట పోయినను, అప్పు పెరిగినను, రంగము పోవుటయే మార్గము. కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము, కాకినాడ రేవులలో ఓడ యెక్కి, పైతట్టుమీద ఎండకు వానకు ఓర్చుకొని సముద్రము దాటుచుండిరి. పూర్వము కోరంగి రేవునుండి వెళ్లిన ఓడలనుబట్టి బర్మావారు తెలుగువారినందరిని కోరంగీలనిరి. ఆ పేరులో గౌరవమేమియు లేదు. అప్పుడు బర్మా ఇండియా ప్రభుత్వము క్రింది ఒక రాష్ట్రమే. 1920ల చివరి సంవత్సరములలో ఏటేట మూడు నాలుగు లక్షలమంది భారతీయులు బర్మాలో దిగుచుండిరి, వారిలో అధికభాగము మరల తిరిగి వచ్చుచుండిరి. 1931 జనాభా లెక్కలలో రంగూను పట్టణపు జనములో సగముకంటె ఎక్కువమంది భారతీయులే.

ఓడలలో సరకు ఎక్కించుట, దించుట, బియ్యపు మిల్లులలో బస్తాలు మోయుట, రిక్షాలు లాగుట, వీధులూడ్చుట, మరుగుదొడ్లు శుభ్రము చేయుట, ఇవి మనవారి పనులు. మేస్త్రీ ఊరిలోనే బయానా ఇచ్చి తీసికొనిపోవును. ఆ బయానా తీరువరకు కూలి డబ్బు మేస్త్రీ చేతిమీదుగానే రావలెను. అతడు తన వంతు తీసికొనగా మిగిలినదే కూలివానిది. పండుకొనుటకు గదులనగా, మనిషిని ఆనుకొని మనిషి పండుకొను చోట్లు. కూలివాని జీతమును ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెననియు, అతడు స్వజనుడైనను పరదేశియైనను బాధింపకూడదనియు మోషే ధర్మశాస్త్రము మన పాఠ్యభాగములో ఏల అంత గట్టిగా చెప్పుచున్నదో ఆ గదులలోని మనిషికి వ్యాఖ్యానము అక్కరలేదు.

ఇక బర్మా రైతు సంగతి. మనవారి కష్టము చెప్పుకొనుట మనకు సులభము, అవతలివాని కష్టము వినుటయే కష్టము. దిగువ బర్మా రైతు అడవి కొట్టి వరిపొలము చేసి, చెట్టినాడునుండి వచ్చిన వడ్డీ వ్యాపారులయొద్ద అప్పు తెచ్చి సేద్యము చేసెను. వడ్ల ధర కొన్ని ఏండ్లుగా దిగుచు వచ్చెను. 1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కూలి, ఆ దెబ్బ లోకమంతటను ప్రాకగా, 1930 చివరికి వడ్ల ధరయు ఒక్కసారిగా పడిపోయెను. ధర సగమునకు దిగినను అప్పు సగమునకు దిగదు గదా! బర్మాలో వరి ఎక్కువగా పండు 13 జిల్లాల భూమిలో చెట్టియార్ల చేతిలో 1930లో నూటికి ఆరు వంతులుండగా, 1938 నాటికి నూటికి ఇరువదియైదు వంతులాయెను. భూమి పోయినవాడు ఎక్కడికి పోవును? పట్టణమునకు వచ్చెను. అక్కడ రేవులో మనవాడు ముందుగానే నిలిచియుండెను.

1930 మే నెల రంగూనుకు చెడ్డనెల. 5వ తేదీ రాత్రి భూకంపము వచ్చి, దగ్గరనున్న పెగు పట్టణము నేలమట్టమాయెను. ఆ నెలలోనే రేవులోని తెలుగు కూలివారు కూలి పెంచుమని పని మానిరి. సరకు దించు కంపెనీలవారు వారికి బదులుగా బర్మా కూలివారిని తెచ్చి పని జరిపించుకొనిరి. కొన్నాళ్లకు తెలుగువారితో రాజీపడి, కొంచెము కూలి పెంచి, వారిని మరల పిలిచిరి. మే 26వ తేదీ ఉదయమున బర్మావారు అలవాటు ప్రకారము పనికి రాగా, మీతో పనిలేదు పొమ్మనిరి. వట్టిచేతులతో మరలుచున్న వారిని చూచి మనవారు ఎగతాళి చేసిరి. అంతట కొట్లాట మొదలై రేవునుండి పట్టణమంతట వ్యాపించెను. కొన్ని దినములు తెలుగువాడు వీధిలోనికి వచ్చిన ప్రాణము దక్కునను నమ్మకము లేదు. నూరుమందికి పైగా చనిపోయిరి, వందలకొలది గాయపడిరి, వారిలో మనవారే ఎక్కువ. వీధులూడ్చువారు దాగుకొనగా పట్టణము చెత్తతో నిండిపోయెను.

మా ముత్తాత ఆ యేడే ఒక రేకు పెట్టెతో ఇంటికి వచ్చెను. అల్లరి సంగతి ఎవరడిగినను చెప్పెడివాడు కాడట. ఒక్కసారి మాత్రము మా తాతతో, "ఆ పొద్దున్న నేనూ నవ్వేన్రా" అనెనట. మా తాత ఆ మాటను నాకు రెండుమార్లు చెప్పెను, రెండుమార్లును దానిమీద ఏమియు చేర్చలేదు.

ఆ ఉదయమున కూలి తగ్గించినవాడు బర్మా కూలి కాడు, భూమి లాగుకొనినవాడు తెలుగు కూలియు కాడు. అయినను కత్తి చేతికి దగ్గరగా నున్నవానిమీదనే పడెను. కంపెనీలవారికి రెండు ఆకలులు చవుకగా దొరికెను, ఒకదాని నొకటి కొట్టుకొనుట వారి లెక్కలో లేని ఖర్చు.

తరువాతి సంగతులు క్లుప్తముగా చెప్పెదను. 1930 డిసెంబరులో సయా సాన్ అను నాయకుని క్రింద బర్మా రైతులు తిరుగబడిరి, 1931లో అతనిని ఉరితీసిరి. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియానుండి వేరైనది. 1938లో మరల అల్లరులు. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుమీద బాంబులు వేయగా లక్షలమంది భారతీయులు కొండలు అడవులు దాటి కాలినడకను వచ్చిరి, దారిలో పడిపోయినవారు వేలకొలది. మిగిలినవారిలో అనేకులను 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వము వెళ్లగొట్టినంత పని చేసెను. విశాఖపట్నములోని బర్మా క్యాంపు పేరు అందువలన వచ్చినదే.

ఇప్పుడు రూతు 2వ అధ్యాయము తెరువుడి. రూతు కరవు కాలపు కథలోని మనిషి. నయోమి కుటుంబము కరవునకు బేత్లెహేము విడిచి మోయాబునకు పోయెను, అక్కడ ముగ్గురు మగవారు చనిపోయిరి. తిరిగివచ్చునప్పుడు కోడలు పరదేశి. బోయజు పొలములో ఆమెకు పరిగె మాత్రమే దొరకియుండిన, అది ధర్మశాస్త్రము ఇచ్చిన హక్కే. అయితే 9వ వచనమును నిదానముగా చదువుడి. తన పనివారెవరును ఆమెను ముట్టకూడదని అతడు ముందుగా ఆజ్ఞాపించెను. దాహమైనప్పుడు పనివారు చేదిపెట్టిన నీళ్లు త్రాగుమని ఆమెతో చెప్పెను. 15వ వచనములో ఆమెను అవమానపరచవద్దని పనివారికే మరల చెప్పవలసివచ్చెను. చెప్పకపోయిన ఏమి జరుగునో అతనికి తెలిసియుండును. యజమానుడు నోరు తెరచి చెప్పెను గనుక ఆమె ఆ సాయంకాలము తూమెడు యవలతో ఇల్లు చేరెను. నావలె ఊరక నవ్వలేదు.

ఆ యిద్దరు సహోదరుల బాధ అబద్ధమని నేననను. వారి ఇండ్లలోను పిల్లలున్నారు, వారికిని ఈ కోతలే ఏడాది ఆధారము. ఒకే తోటలో ఊరివారికొక రేటు, సుగ్గివారికొక రేటు ఉన్నంతకాలము ఈ తగవు తీరదు. అందుచేత వచ్చు బుధవారము కూటమైన తరువాత ఆ సహోదరులను, సుగ్గి ముఠా పెద్దలిద్దరిని, మిరపతోటల రైతులలో రమ్మనగా ఒప్పుకొనిన నలుగురిని పాకలో కూర్చుండబెట్టుచున్నాను. కూలిరేటు మాటయే మొదట. స్త్రీలుకూడ రావలెను, కోసెడివారు వారే గనుక.

గుడి బోరింగు తెల్లవారి నాలుగు గంటలనుండి తెరచియుండును. దాని వాషరు అరిగిపోయినది, మార్చుటకు ఎవరైన చేయి వేయవలెను.