దేహము చెప్పు మాట

పాఠభాగము: 1 రాజులు 19:4–8

ప్రియులారా, బరువు తగ్గవలెనని వ్యాయామశాల శిక్షకుడు వ్రాసియిచ్చిన చీటీని పట్టుకొని, మన నస్పూర్ యౌవనస్థులలో కొందరు అన్నము మానుచున్నారు. వ్యాయామము మంచిదే. అయితే ఏలీయా సంగతి చూతము. బదరీవృక్షము క్రింద అలసి పండుకొనిన అతనిని దూత గద్దింపలేదు. రెండు మారులు తట్టి లేపి, భోజనము చేయుమనెను. నిప్పులమీద కాల్చిన అప్పమును, నీళ్లును అక్కడ సిద్ధముగా నుండెను. ఆ బలముతో అతడు 40 దినములు నడిచి హోరేబు చేరెను. ప్రయాణమునుబట్టి ఆహారము!

శ్రీరాంపూర్ గనిలో రాత్రి షిఫ్టు చేయువానికిని, బల్లయొద్ద కూర్చుండువానికిని, పాలిచ్చు తల్లికిని ఒకే చీటీ తగునా? ఆకలి, నీరసము, కండ్లు తిరుగుట, ఇవి దేహము మనకు పంపు వార్తలు. గని లోపల తల తిరిగినయెడల తోటివానికిని అపాయమే. మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని అడుగక అన్నము మానినచో, రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును.

దానియేలు రాజభోజనము మానలేదా అందురేమో. అతడు కోరినది 10 దినముల పరీక్ష. పిమ్మట తమ ముఖములను చూచి నిర్ణయింపుమనెను. నోటి చాపల్యము వేరు, ఆకలి వేరు. దేహము దేవుని ఆలయమైనప్పుడు, దాని మూలుగును విననొల్లని నియమము భక్తి కానేరదు. ఈ నెల మనమును పరీక్షించుకొందము: పని చేయుటకు బలము పెరిగెనా, తరిగెనా?