మత్తు – మెదడు: ఇంటిల్లిపాదీ చదవాల్సిన పాఠం



మద్యం ముట్టకూడదన్న మాట మన గురుద్వారాల్లో చిన్నపిల్లలు కూడా వినే ఉంటారు. రహిత్ మర్యాదలో అది ఉంది. తాగుడు బుద్ధిని దూరం చేస్తుందని గురు అమర్‌దాస్‌జీ బాణీలోనూ ఉంది. ఈ పాఠంలో ఆ సంగతే మళ్లీ చెప్పబోవడం లేదు. బుద్ధి దూరం కావడమంటే తల లోపల నిజంగా ఏం జరుగుతుందో చెప్పుకుందాం. అది తెలియకపోవడం వల్ల మా ఇంట్లో ఒక మనిషి విషయంలో మేము పెద్ద తప్పు చేశాం.

ఆయన మా పెద్దనాన్న. కత్తెరకు సాన పట్టడంలో ఆయనకు మంచి పేరు. దర్జీలు వెతుక్కుంటూ వచ్చేవారు. రోజంతా సమ్మెట కొట్టిన ఒళ్లు నొప్పులు తగ్గాలంటూ సాయంత్రం మొదలుపెట్టిన తాగుడు ఇరవై ఏళ్లు సాగింది. చివరి రెండేళ్లలో పొద్దున కూడా తాగనిదే చెయ్యి నిలిచేది కాదు. అన్నం దాదాపు మానేశాడు. తర్వాత నడక మారింది. కాళ్లు ఎడంగా పెట్టి, పడవలో నిలబడ్డవాడిలా తూలుతూ నడిచేవాడు. ఒకరోజు, “నిన్న హజూర్ సాహిబ్ వెళ్లొచ్చాను, నాందేడ్ స్టేషన్‌లో మీ మామ కనిపించాడు” అని చెప్పాడు. మామ ఏ రంగు తలపాగా కట్టుకున్నాడో కూడా చెప్పాడు. నిజానికి ఆయన మూడు రోజులుగా మంచం దిగలేదు.

“ఇన్నాళ్లూ తాగుబోతే అనుకున్నాను, ఇప్పుడు అబద్ధాలూ నేర్చాడు” అని పెద్దమ్మ ఏడ్చింది. నేను అప్పుడే గ్రంథీ శిక్షణ ముగించుకుని వచ్చాను. ఆయన పక్కన కూర్చుని సత్యం గురించి గంటసేపు బోధించాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన అబద్ధం చెప్పడం లేదు.

మనిషి మెదడు బరువు సుమారు 1.3 నుంచి 1.4 కిలోలు. పైన ముడతలు పడిన బూడిదరంగు పొర ఉంటుంది, ఆలోచన పని అక్కడ జరుగుతుంది. లోపల తెల్లని తీగలు ఉంటాయి, అవి ఒక భాగం కబురు ఇంకో భాగానికి చేరుస్తాయి. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగినవారి స్కాన్ చూస్తే ఈ రెండూ తరిగిపోయి కనిపిస్తాయి. ముడతల మధ్య సందులు వెడల్పవుతాయి. మెదడు మధ్యలో నీరుండే గదులు పెద్దవవుతాయి. డాక్టరు నాకు పెద్దనాన్న స్కాన్ చూపించినప్పుడు ఎండిన అక్రోటు పప్పు గుర్తొచ్చింది.

ఈ నష్టం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఎక్కువ దెబ్బ తగిలేది నుదుటి వెనక ఉండే ఫ్రంటల్ లోబ్‌కు. ముందువెనుకలు చూసుకోవడం, కోపాన్ని ఆపుకోవడం, “ఈరోజు వద్దు” అని తనకు తాను చెప్పుకోవడం ఆ భాగం పనులు. అంటే తాగుడు మానడానికి మనిషికి ఏ బలం కావాలో ఆ బలాన్నే తాగుడు తినేస్తుంది. “పిల్లల మీద ఒట్టేసి కూడా మళ్లీ తాగాడు” అని తల్లులు, భార్యలు అంటుంటారు. ఒట్టు వేసినప్పుడు అతను మనస్ఫూర్తిగానే వేసి ఉండొచ్చు. దాన్ని నిలబెట్టాల్సిన భాగమే అరిగిపోయింది. తప్పును వెనకేసుకు రావడానికి నేనిది చెప్పడం లేదు. ఒట్లు వేయించడంతో సరిపెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి అంటున్నాను.

రెండోది తల వెనక కింది భాగంలో ఉండే చిన్నమెదడు. నడక, నిలకడ, చేతి వాటం దాని అధీనంలో ఉంటాయి. మన పనివాళ్లకు దీని విలువ వేరే చెప్పాలా? తిరిగే సాన చక్రానికి అంచును ఏ కోణంలో ఆనించాలో, ఎంత ఒత్తిడి పెట్టాలో ఆ చేతికి తెలియాలి. చిన్నమెదడు తరిగితే ముందు నడక చెడుతుంది. తాగని రోజు కూడా తూలుడు ఉంటుంది.

మూడోది జ్ఞాపకం. మెదడు లోపల హిప్పోకాంపస్ అనే చిన్న భాగం కొత్త సంగతులను దాచిపెడుతుంది. బ్రిటన్‌లో 550 మందిని 30 ఏళ్ల పాటు గమనించి, చివర వారి మెదళ్లను స్కాన్ తీశారు. ఫలితాలు 2017లో వచ్చాయి. ఎంత ఎక్కువ తాగితే హిప్పోకాంపస్ అంత ఎక్కువగా కుంచించుకుపోయే అవకాశం ఉన్నట్టు తేలింది. మితంగా తాగేవారిలో కూడా తేడా కనిపించింది. “రోజుకు ఒక్క పెగ్గు గుండెకు మంచిది” అని పెళ్లిళ్లలో పెద్దమనుషులు చెబుతుంటారు కదా, వారికి ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు నాందేడ్ ప్రయాణం దగ్గరికి వద్దాం. మెదడు పనిచేయాలంటే థయమిన్ అనే విటమిన్ కావాలి. దాన్నే బి1 అంటారు. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. మద్యం పేగులు దాన్ని పీల్చుకోనివ్వదు, కాలేయాన్ని దాచుకోనివ్వదు. పైగా తాగేవాడు సరిగా తినడు. తిన్నా అది పాలిష్ పట్టిన తెల్లబియ్యమే అయితే అందులో బి1 ఎలాగూ తక్కువ. ఒకప్పుడు విశాఖ, గోదావరి తీరాల్లో అలాంటి బియ్యం తిన్నవారికే, మద్యంతో పనిలేకుండానే, బెరిబెరి జబ్బు వచ్చేది. పప్పులు, గోధుమ రొట్టె, పల్లీలు, ఉప్పుడు బియ్యంలో ఈ విటమిన్ ఉంటుంది. లంగరులో వడ్డించే పప్పూ రొట్టే ఈ లోటుకు మంచి ఆహారం.

బి1 బాగా తగ్గినప్పుడు వచ్చే అత్యవసర స్థితిని 1881లో జర్మనీ వైద్యుడు వెర్నికే వివరించాడు. మనిషి అయోమయంలో పడతాడు, చూపు ఒకటి రెండుగా మారుతుంది లేదా కనుగుడ్లు అదురుతాయి, నడక తూలుతుంది. ఈ మూడూ ఒకేసారి కనిపించాలని లేదు. చూసేవాళ్లు “ఎక్కువ తాగాడు, పడుకోనివ్వండి” అంటారు. మేమూ అదే అన్నాం. వీధిలోని ఆర్ఎంపీ వచ్చి గ్లూకోజ్ ఎక్కించి వెళ్లాడు. బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే, మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయి పరిస్థితి ముదరవచ్చు. ఆ సంగతి అతనికీ తెలియదు, మాకూ తెలియదు. ఇలాంటి మనిషికి సెలైన్ పెట్టేటప్పుడు “బి1 ఇంజెక్షన్ ఇచ్చారా?” అని అడగండి. అడిగితే డాక్టరు కోప్పడతాడేమో అని వెనకాడొద్దు.

ఆ సమయం దాటిపోతే మెదడు అడుగున మామిల్లరీ బాడీస్ అనే రెండు చిన్న గుండ్లు, వాటి చుట్టుపక్కల భాగాలు దెబ్బతింటాయి. అప్పుడు కొత్త జ్ఞాపకం నిలవదు. రష్యా వైద్యుడు కోర్సకోవ్ 1887లో ఈ జబ్బు గురించి రాశాడు. జ్ఞాపకంలో ఖాళీ ఏర్పడినచోట మెదడు తనంతట తానే ఒక కథ అల్లి నింపుతుంది. చెప్పే మనిషికి అది నూటికి నూరుపాళ్లు నిజం. నాందేడ్ స్టేషన్‌లో మామ తలపాగా రంగు అలా వచ్చిందే.

ఈ పాఠం చదివిన ఉత్సాహంతో ఇంట్లో సీసాలు పగలగొట్టి, మనిషిని గదిలో పెట్టి తాళం వేయకండి. రోజూ విపరీతంగా తాగేవాడి మెదడు ఆ మత్తును తట్టుకోవడానికి లోపల జోరు పెంచుకుని ఉంటుంది. మత్తు ఒక్కసారి ఆగితే ఆ జోరు పట్టపగ్గాలు లేకుండా పోతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఒళ్లంతా వణుకు, లేనివి కనిపించడం, తీవ్ర జ్వరం రావచ్చు. ప్రాణమే పోవచ్చు. తెలంగాణలో కల్తీ కల్లు అలవాటైనవారిదీ ఇదే ప్రమాదం. ఆ కల్లులో అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్ముతూ పట్టుబడిన కేసులు ఎన్నో ఉన్నాయి. అందుకే మానడం డాక్టరు చేతుల మీదుగా జరగాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446 నంబరుకు ఫోన్ చేయండి. డబ్బు పడదు.

ఇంకొకటి. తరిగిన మెదడుకు, పుర్రెకు మధ్య ఖాళీ పెరిగి రక్తనాళాలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే లోపల మెల్లగా రక్తం కారవచ్చు. తాగి పడ్డవాడు వారం తర్వాత మగతగా ఉంటే అది మత్తనుకోకుండా స్కాన్ తీయించండి.

మరి పోయింది తిరిగి వస్తుందా? తుప్పు పట్టిన కత్తిని మనం చూస్తూనే ఉంటాం. పైపై తుప్పు సానకు పోతుంది, లోతుగా తినేసిన గుంట పోదు. మెదడు సంగతీ కొంత అలాంటిదే. చచ్చిన కణాలు తిరిగి రావు. కానీ కుంచించుకుపోయిన కణాలు, దెబ్బతిన్న తెల్లని తీగలు కోలుకోగలవు. పూర్తిగా మానేసిన తర్వాత కొన్ని వారాల్లోనే మెదడు పరిమాణం కొంత పెరగడం స్కాన్లలో కనిపించింది. మొదటి నెలలో ఆ పెరుగుదల వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెలల తరబడి మెల్లగా సాగుతుంది. నిర్ణయం తీసుకునే శక్తి, నడక బాగుపడతాయి. మళ్లీ తాగితే ఆ లాభం పోతుంది. ముప్పై ఐదేళ్లకు మానినవాడికి దక్కేది అరవై ఏళ్లకు మానినవాడికి అంతగా దక్కదు.

పెద్దనాన్న మానేసి నాలుగేళ్లయింది. బి1 మందు వేసుకుంటాడు, రెండు పూటలా తింటాడు. చేతి వణుకు తగ్గింది. నా కూతురి పేరు మాత్రం ఆయనకు నిలవదు, రోజూ కొత్తగా చెప్పాలి. కానీ ఏళ్ల కిందట చేతులు నేర్చిన పని మెదడులో వేరే చోట ఉంటుందట, ఈ జబ్బు దాన్ని అంతగా తాకదట. మొన్న ఒక దర్జీ కత్తెర తెస్తే చక్రం ముందు కూర్చోబెట్టాం. అంచు చక్కగా తీశాడు. పని అయ్యేలోపు ఆ కత్తెర ఎవరిదని మూడుసార్లు అడిగాడు. పెద్దమ్మ మూడుసార్లూ చెప్పింది.