గ్రహణాన్ని ఫోటో తీద్దామా?

అక్కలారా! సూర్యగ్రహణం ఏ రోజు వస్తుంది? అమావాస్య రోజే వస్తుంది. ఆ రోజు చంద్రుడు మనకూ సూర్యునికీ నడుమ అడ్డం వస్తాడు. అతని నీడ మన మీద పడుతుంది. పాము మింగేది ఏమీ లేదు.

1980 ఫిబ్రవరి 16న మన పక్కనున్న రాయచూరులో సంపూర్ణ గ్రహణం పట్టింది. పట్టపగలే చీకటి పడింది. చాలా ఊళ్లలో జనం తలుపులు మూసుకొని కూర్చున్నారు. శాస్త్రవేత్తలు మాత్రం దేశదేశాల నుంచి వచ్చి చూశారు.

అంతకు చాలా ముందు, 1868 ఆగస్టు 18న, గుంటూరులో గ్రహణాన్ని ఫోటో తీశారు. టెనెంట్ అనే ఇంగ్లీషు సైనికాధికారి అందుకోసం ఇంగ్లండులో చేసిన దుర్భిణి తెప్పించాడు. అప్పట్లో ఫిల్ము లేదు. గాజు పలకల మీద ఫోటో తీసేవారు. చీకటి ఉండేది కొన్ని నిమిషాలే. అంతలోనే పని కావాలి. అందుకే ముందుగా సిద్ధపడాలి.

మనమూ సిద్ధపడదాం. 2027 ఆగస్టు 2, సోమవారం సాయంత్రం మనకు పాక్షిక గ్రహణం ఉంది. వానాకాలం కదా, మబ్బు లేకుంటే కనబడుతుంది.

మొదట కండ్ల సంగతి. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కంటి లోపలి పొర కాలుతుంది. కాలేటప్పుడు నొప్పి ఉండదు. అందుకే జనం మోసపోతారు. తరువాత పుస్తకం తెరిస్తే, చూసే అక్షరం మీదనే మచ్చ అడ్డం వస్తుంది. ఆ చూపు తిరిగి రాకపోవచ్చు. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టిన గాజు, చలువ అద్దాలు, పసుపు నీళ్ల పళ్లెం – ఇవేవీ వద్దు. కెమెరా లోంచి, దుర్భిణి లోంచి చూడడం ఇంకా ప్రమాదం. గ్రహణం చూసే కళ్లద్దాలు వేరే ఉంటాయి. వాటి మీద ఐఎస్‌ఓ 12312-2 అని ఉండాలి. కొనేముందు మీరే చదివి చూసుకోండి. గీతలు పడినవి పారేయండి.

మరి ఫోటో ఎట్లా? సూర్యుణ్ణి గోడ మీదికి రప్పిద్దాం!

చిన్న అద్దం తీసుకోండి. దాని మీద మందపాటి కాగితం అతికించండి. కాగితంలో ముందే శనగగింజంత రంధ్రం చేయండి. చాటలో ఇసుక పోసి, అద్దాన్ని అందులో నిలబెట్టండి. చాటను ఎండలో పెట్టండి. వెలుగు ఇంట్లోని చీకటి గోడ మీద పడేటట్టు అద్దాన్ని తిప్పండి. గోడ ఇరవై అడుగుల దూరంలో ఉంటే రెండంగుళాల సూర్యుడు కనబడతాడు. మన రాతి మిద్దెల్లో చీకటికి కొదువ లేదు, ఈ పనికి అవే మేలు.

రంధ్రాన్ని నలుపలకలుగా కోసి చూడండి. బొమ్మ అప్పుడు కూడా గుండ్రంగానే ఉంటుంది. ఎందుకంటే అది రంధ్రం బొమ్మ కాదు, సూర్యుని బొమ్మ. గ్రహణం నాడు అదే బొమ్మ కొరికిన రొట్టె మాదిరి అవుతుంది.

ఇక సెల్‌ఫోనుతో ఆ గోడను ఫోటో తీయండి. ఫ్లాష్ ఆపేయండి. చెయ్యి కదలకుండా ఫోనును డబ్బాకు ఆనించండి. అద్దంలోకి ఎవరూ తొంగి చూడరాదు. అద్దం దగ్గర ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టండి. పిల్లలు చెబితే వింటారా?

అద్దం లేకుంటే శనగలు జల్లించే రేకు జల్లెడ చాలు. పిండి జల్లెడ పనికిరాదు, దాని కండ్లు మరీ సన్నం. సూర్యునికి వీపు పెట్టి, జల్లెడను నేలకు ఒక మూర ఎత్తున పట్టుకోండి. నేల మీద ఎన్ని రంధ్రాలో అంతమంది సూర్యులు! వేపచెట్టు నీడలో కూడా ఇట్లాంటి చుక్కలే పడతాయి.

కడుపుతో ఉన్న అక్కలు కూడా గోడ మీది బొమ్మను చూడవచ్చు. బిడ్డకు మొర్రి రావడానికీ గ్రహణానికీ సంబంధం లేదు. నీళ్లు తాగకుండా గదిలో పడుకోబెట్టడమే చెరుపు.

చేసి చూడండి: ఎండ ఉన్న రోజు సాయంత్రం ఐదు గంటలకు అద్దం పెట్టండి. గోడ మీది బొమ్మ చుట్టూ బలపంతో గీత గీయండి. రెండు నిమిషాలు ఆగండి. బొమ్మ గీత దాటిందా? ఎటు జరిగింది? అద్దాన్ని ఎన్నిసార్లు తిప్పాల్సి వచ్చింది? నోటుబుక్కులో రాయండి.