అమెరికా ఫోన్ మన సిమ్ తీసుకోకపోతే...

డాలస్‌లో కూతురు వాడి పక్కన పెట్టిన ఐఫోన్ గుంటూరులో తండ్రి చేతికొస్తుంది. ఇక్కడి సిమ్ యాక్టివేట్ చేయబోతే తెర మీద ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని పడుతుంది. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌కు పట్టుకెళ్తే, ‘కంపెనీ లాక్ సార్, అక్కడే తీయించుకోవాలి’ అంటాడు దుకాణదారు. ఫోన్‌లో లోపమేమీ లేదు. అమ్మిన అమెరికన్ నెట్‌వర్క్ వేరే కంపెనీ సిమ్ పనిచేయకుండా లాక్ వేసి ఉంచింది, అంతే.

ఇది మనమూ చూసిన తంతే. 2003లో రిలయన్స్ 501 రూపాయలకు చేతిలో పెట్టిన సీడీఎంఏ ఫోన్లు ఆ ఒక్క నెట్‌వర్క్‌లోనే మోగేవి. ఇప్పుడు మన దగ్గర ఫోన్ ఒకచోట, సిమ్ మరోచోట కొనుక్కోవడం మామూలైపోయింది. అమెరికాలో మాత్రం చాలామంది నెట్‌వర్క్ కంపెనీ దగ్గరే వాయిదాల మీద ఫోన్ తీసుకుంటారు. పేచీ అంతా అక్కడే.

ఆ లాక్ తీయడం ఒక దశలో చట్టవిరుద్ధం కూడా అయింది. సినిమాలు, పాటలు, సాఫ్ట్‌వేర్ దొంగ కాపీలు కాకుండా 1998లో తెచ్చిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ఫోన్ల మీదా పడింది. మూడేళ్లకోసారి మినహాయింపులిచ్చే లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్ 2006లో, 2010లో ఫోన్లకు సడలింపు ఇచ్చి, 2012లో కొత్త ఫోన్లకు కాదన్నారు. దాంతో 2013 జనవరి 26 తర్వాత కొన్న ఫోన్‌ను కంపెనీ అనుమతి లేకుండా అన్‌లాక్ చేయకూడదు. జనం మండిపడ్డారు. వైట్‌హౌస్‌కు పెట్టిన పిటిషన్‌పై లక్షకు పైగా సంతకాలు పడ్డాయి. చివరికి 2014 ఆగస్టు 1న ఒబామా సంతకంతో కొత్త చట్టం వచ్చింది. ఫోన్ సొంతదారు తానే అన్‌లాక్ చేసుకోవచ్చు, మరొకరి చేత చేయించుకోనూ వచ్చు.

అయితే ఇక్కడే చాలామంది పొరబడతారు. అన్‌లాక్ చేసుకోవడం తప్పు కాదని మాత్రమే ఆ చట్టం చెప్పింది. కంపెనీ లాక్ తీసి తీరాలని చెప్పలేదు. ఆ బాధ్యతను పెద్ద కంపెనీలు తమ సంఘం సీటీఐఏ నియమావళి ద్వారా స్వచ్ఛందంగా ఒప్పుకున్నాయి. దాని ప్రకారం వాయిదాలన్నీ తీరాక అడిగితే లాక్ తీయాలి. ప్రీపెయిడ్ ఫోన్‌కైతే గడువు గరిష్ఠంగా ఏడాది. అడిగిన రెండు పనిదినాల్లో లాక్ తీయడమో, ఎందుకు కుదరదో చెప్పడమో జరగాలి. పోయినట్టో, దొంగతనమైనట్టో నమోదైన ఫోన్‌కు ఇవేవీ వర్తించవు.

‘ఉచిత ఫోన్’ సంగతి మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. 720 డాలర్ల ఫోన్‌ను 36 నెలల బిల్ క్రెడిట్ల మీద ఉచితంగా ఇచ్చారనుకుందాం. నెలకు 20 డాలర్ల వాయిదా పడుతుంది, అంతే మొత్తం బిల్లులో తగ్గుతుంది. ఏడాదికే ఉద్యోగం వదిలి ఇండియాకు వచ్చేస్తే క్రెడిట్లు ఆగిపోతాయి. మిగిలిన 480 డాలర్లు చేతి నుంచి కట్టాలి. కట్టేదాకా లాక్ తీయరు.

అందుకే విమానం ఎక్కకముందే పని పూర్తి చేసుకోవాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి ‘క్యారియర్ లాక్’ ఎదురుగా ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉందో లేదో చూడాలి. ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ ట్రే ఉండదు కాబట్టి ఇక్కడ ఈ-సిమ్ తీసుకోవాల్సిందే. బాకీ తీరినా కంపెనీ కదలకపోతే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు అందాక కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి.

కెనడాలో 2017 డిసెంబర్ నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబర్ నుంచి లాక్ చేసిన ఫోన్లు అమ్మడమే నిషేధం. అమెరికా ఇంకా ఆ పని చేయలేదు.

లాక్ ఉన్న అమెరికా ఫోన్‌ను ఇక్కడి దుకాణదారు ‘అన్‌లాక్డ్’ అని నమ్మించి అమ్మితే కొన్నవారు ఊరుకోనక్కర్లేదు. బిల్లు దాచుకుని ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫిర్యాదు రుసుము లేదు. రెండేళ్ల గడువు మాత్రం దాటనివ్వకూడదు.