చెరిపే ముందు చదవండి

ప్రశ్న: మా అబ్బాయి ఇష్టపడి కొనుక్కున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తడలో మా ఇంటి దగ్గరే ఉంటుంది. వాడుండేది అమెరికాలో. వానలు మొదలైనప్పుడు, అక్టోబరులో, కవరు కప్పి పెట్టేసినాము. సంక్రాంతికి వాడొస్తాడని మొన్న సెల్ఫ్ కొడితే బండి ఉలకలేదు, పలకలేదు. పక్కింటి కారు బ్యాటరీ నుంచి వైర్లు ఇచ్చినాక స్టార్టయింది గానీ, మీటర్ బోర్డులో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్, ఇంజిన్, టైరు గుర్తులన్నీ ఒకేసారి వెలిగినాయి. ఒక మెకానిక్ స్కానర్ పెట్టి చూసి ఏబీఎస్ యూనిట్ పోయింది, లక్షన్నర అవుతుందంటా ఉన్నాడు. ఇంకొకాయన కోడ్లన్నీ కొట్టేస్తే సరిపోతుందంటా ఉన్నాడు. ఎవరి మాట వినేది? - ఒక పాఠకుడు, తడ

జవాబు: ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి. ఇలాంటి ఉత్తరాలు ప్రతి జనవరిలోనూ వస్తాయి, డబ్బు పోగొట్టుకున్న తర్వాత రాసినవే వాటిలో ఎక్కువ. మీరు ముందుగానే అడిగారు కాబట్టి వివరంగా చెబుతాను. అక్టోబరులో బాగున్న ఐదు విభాగాలు కవరు కింద కదలకుండా ఉండి, ఒకే ఉదయం విడివిడిగా చెడిపోవడం దాదాపు జరగని పని. వీధంతా ఒకేసారి చీకటైతే ఇంటింటికీ వెళ్ళి బల్బులు మార్చం, ట్రాన్స్‌ఫార్మర్ చూస్తాం. ఈ ఐదింటికీ ఉమ్మడిగా ఉన్నది కరెంటు. అనుమానం ముందుగా వెళ్ళాల్సింది బ్యాటరీ మీదికి, దాని ఎర్త్ వైరు మీదికి.

లెక్క వేసి చూడండి. తాళం వేసి నిలిపిన కారు కూడా పూర్తిగా నిద్రపోదు. అలారం, రిమోట్ కోసం ఎదురుచూసే రిసీవర్, గడియారం, కంప్యూటర్ల జ్ఞాపకాలు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. ఏ లోపమూ లేని బండిలోనైనా ఇది సుమారు 20 నుంచి 50 మిల్లీఆంపుల దాకా ఉంటుంది. 25 అనుకున్నా రోజుకు 0.6 ఆంపియర్ అవర్లు, తొంభై రోజులకు 54. బ్యాటరీ సామర్థ్యం 60 అయితే ఇక మిగిలేదేముంది? నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల పైన చూపిస్తుంది, 12.2 దగ్గర సగమే ఉన్నట్టు, 12 కిందికి దిగితే అడుగంటినట్టు. అలాంటి బ్యాటరీతో సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ కుప్పకూలుతుంది. ఏబీఎస్ కంప్యూటరు, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరు, స్టీరింగు మోటారు కంప్యూటరు, అన్నీ ఆ క్షణంలో తమకు కరెంటు చాలలేదని, పక్క కంప్యూటరు పలకలేదని ఎవరికి వారే తప్పు నమోదు చేసుకుంటాయి. స్కానర్‌లో యూ అక్షరంతో మొదలైన కోడ్లు గుంపుగా కనిపిస్తే అవి ఆ పలకరింపు తెగిన సంగతే చెబుతున్నాయి. ఏబీఎస్ కోడ్ వచ్చినంత మాత్రాన ఏబీఎస్ యూనిట్ చచ్చిపోయినట్టు కాదు.

యూనిట్ నిజంగానే పోయి ఉండొచ్చు కదా అని మెకానిక్ అనవచ్చు. పోయి ఉండొచ్చు. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు, అవునని నిరూపించే పరీక్ష ఆయనా చేయలేదు. ఆ పరీక్షకు ఒక వరుస ఉంది. ముందు కోడ్లన్నీ కాగితం మీద రాయించుకోండి, లేదా తెర ఫోటో తీసుకోండి. బ్యాటరీని రాత్రంతా ఛార్జరు మీద పెట్టి, లోడ్ టెస్టు చేయించండి. అంతగా దిగిపోయిన బ్యాటరీ మళ్ళీ కోలుకోకపోవచ్చు. కొత్తది వేయాల్సి వస్తే అదే రకం వేయాలి, కొన్ని కార్లలో మార్చిన సంగతి కంప్యూటరుకు తెలియజేయాలి కూడా. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.5 నుంచి 14.7 వోల్టులు వస్తున్నాయా చూడండి, రాకపోతే తప్పు డైనమోది. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే కోడ్లు చెరిపి, కాస్త దూరం నడిపి, మళ్ళీ ఏది తిరిగొచ్చిందో చదవండి. తిరిగొచ్చిన కోడే అసలు జబ్బు. అది ఏబీఎస్‌దే అయినా యూనిట్ కంటే ముందు చక్రాల దగ్గరి స్పీడ్ సెన్సర్లు, వాటి కనెక్టర్లు చూడాలి. మంచు దేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పుకు భయపడి చలికాలమంతా ఇలాంటి కార్లను ఇంట్లో దాస్తారు. పులికాట్ పక్కనున్న తడలో ఉప్పు గాలిలోనే ఉంది, దాచిన బండినీ వదలదు. అప్పటికీ తేలకపోతే బానెట్ కింద ఎలుకలు వైర్లు కొరికాయేమో వెతకండి. కొరికిన వైరు ఛార్జింగుతో బాగుపడదు, ఆ లైటు మొండిగా వెలుగుతూనే ఉంటుంది.

కాబట్టి రెండో ఆయన చెప్పిన కోడ్లు చెరపడం తప్పు పని కాదు, తప్పు వేళ. ఇంజిన్ కోడ్‌తో పాటు ఆ క్షణాన వేగం ఎంత, ఇంజిన్ ఎంత వేడెక్కింది, ఎన్ని చుట్లు తిరుగుతోంది అనే వివరాలూ కంప్యూటరు దాచిపెడుతుంది. చదవకుండా చెరిపితే అవన్నీ పోతాయి, తర్వాత వచ్చే మెకానిక్ చీకట్లో తడుముకోవాలి. ఆ తడుములాటకు డబ్బు కట్టేది మీరు. నాకు బాధ కలిగించేది అదే. లైటు ఆర్పించుకుని నిశ్చింతగా ఇంటికొచ్చే అలవాటు వల్ల చిన్న లోపాలు పెద్ద ఖర్చులవుతున్నాయి, బ్రేకుల విషయంలో ప్రాణాల మీదికే వస్తోంది. పసుపు లైటు వెలిగితే తొందరగా చూపించమని. ఎర్ర లైటు, అంటే ఆయిల్, బ్రేకు, వేడి, వెలిగితే పక్కకు తీసి ఆపమని. ఇంజిన్ గుర్తు పసుపే అయినా టపటపా కొట్టుకుంటుంటే పెట్రోలు మండకుండా పొగగొట్టంలోకి పోతోందని అర్థం. అలాగే నడిపితే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది.

రోజూ పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచితే చాలదా అని మీ అబ్బాయి అడగవచ్చు, చాలామంది నమ్మకం అదే. చాలదు. దిగిన బ్యాటరీ ఛార్జిని నిదానంగా తీసుకుంటుంది, ఐడిలింగ్‌లో డైనమో ఇచ్చేదీ తక్కువే. పైగా ఆయిల్ పూర్తిగా వేడెక్కకుండానే ఆపేస్తే లోపల పట్టిన తేమ ఆవిరై బయటికి పోదు. నిలిపి ఉంచాల్సిన బండికి నిండగానే తనంతట తాను తగ్గే ఆటోమేటిక్ ఛార్జరు తగిలించండి. లేదా వాన తెరిపిచ్చినప్పుడు వారానికోసారి సూళ్లూరుపేట దాకా హైవే మీద తీసుకెళ్ళి రండి. హ్యాండ్ బ్రేకు లాగి నెలలు వదిలితే తుప్పుకు పట్టేస్తుంది, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టండి. టైర్లలో గాలి నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ తగ్గడం మామూలే, మీ టైరు గుర్తుకు కారణం బహుశా అంతే. గాలి ఆడని ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు, ఉప్పు తేమను లోపలే పట్టి ఉంచుతుంది. ఇంకో మాట. మళ్ళీ ఎప్పుడైనా వైర్లు ఇవ్వాల్సి వస్తే, చెక్‌పోస్టు దగ్గర లారీ ఉంది కదా అని దాన్నుంచి తీసుకోకండి. పెద్ద లారీలది ఎక్కువగా 24 వోల్టుల కరెంటు, మీది 12. అప్పుడు కంప్యూటర్లు నిజంగానే కాలిపోతాయి.

ప్రశ్న: ఎర్ర ఆయిల్ లైటు మలుపుల్లో మాత్రమే వెలిగి ఆరిపోతోంది. పండగ ప్రయాణాలయ్యాక చూపిస్తే సరిపోతుందా? - సత్యవేడు

జవాబు: సరిపోదు. ఆయిల్ మట్టం పడిపోయి మలుపులో పంపుకు అందడం లేదేమో, ఇంజిన్ ఆపి ఈ రోజే గేజి చూడండి.

ప్రశ్న: శ్రీసిటీలో పనిచేస్తాను. నెల రోజులు ఊరికెళ్తూ బ్యాటరీ నెగటివ్ వైరు తీసిపెట్టాను. తిరిగొచ్చి తగిలిస్తే స్టీరింగు లైటు, జారుడు గుర్తు లైటు పోవడం లేదు. - వరదయ్యపాళెం

జవాబు: మీరు చేసింది మంచి పనే. స్టీరింగు ఎంత తిరిగిందో కొలిచే సెన్సరు చాలా కార్లలో బ్యాటరీ తీసినప్పుడు తన సున్నా మరిచిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, కొంతదూరం తిన్నగా నడపండి. పోకపోతే స్కానర్‌తో సున్నా పెట్టిస్తే సరి, ఏదీ మార్చనక్కర్లేదు. తడ పాఠకుడికి కూడా: బ్యాటరీ డిక్కీలో ఉండే కార్లలో వైరు తీసి డిక్కీ మూస్తే, కరెంటు తాళం మళ్ళీ తెరుచుకోకపోవచ్చు. చేతి తాళం ఎక్కడుందో ముందే చూసుకోండి.

ప్రశ్న: 2020లో తయారైన కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ గుర్తు అసలు వెలగదు. అంటే అంతా బాగున్నట్టే కదా? - సూళ్లూరుపేట

జవాబు: కాదు, ఇది తడ వారి కారు కంటే ప్రమాదకరం. తాళం తిప్పగానే ఆ గుర్తు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి, బండి తనను తాను పరీక్షించుకునే తీరు అది. అసలే వెలగలేదంటే లైటు దగ్గర ఎవరో చేయి పెట్టారని అనుమానించాలి. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, అదే ఏడాది జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. కాబట్టి మీ బండిలో ఎయిర్‌బ్యాగ్ ఉండి తీరాలి. ఒకసారి తెరుచుకున్నాక కొత్తది వేయకుండా, లైటు మూసేసి అమ్మారేమో తేల్చుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరును చదవగల స్కానర్ ఉన్న చోట చూపించండి. అక్కడే ఇంజిన్ కంప్యూటరు తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా అని కూడా అడగండి. చాలావరకు పూర్తి కాలేదని చూపిస్తే, ఈ మధ్యే బ్యాటరీ వైరు తీశారు లేదా కోడ్లు చెరిపారు. మీరు బ్యాటరీ ముట్టుకోలేదంటే ఆ చెరిపింది ఎవరో అమ్మినవారినే అడగండి, ఆ స్కానర్ కాగితం చేతిలో పట్టుకుని.