పాత పుస్తకం కొనాలా? లైబ్రరీలో తెచ్చుకోవాలా?

పుస్తకం హస్తభూషణం అన్నారు పెద్దలు. అయితే చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో ఆ భూషణం ఎక్కడ దొరుకుతుందన్నదే హాస్టల్ విద్యార్థికి ఎదురయ్యే మొదటి ప్రశ్న. నస్పూర్ హాస్టల్ తమ్ముళ్లకు ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అంబేడ్కర్ గారు రెండూ చేశారు

బాబాసాహెబ్ 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్ వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ ఖర్చులు తగ్గించుకుని దాదాపు 2,000 పాత పుస్తకాలు కొన్నారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. లండన్‌లో మాత్రం బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీ తెరిచింది మొదలు మూసేదాకా అక్కడే కూర్చుని చదివేవారు. 1917లో ఆయన సామాను, పుస్తకాలు ఉన్న ఓడ యుద్ధంలో మునిగిపోయింది. అయినా ఆయన పుస్తకాలు కొనడం మానలేదు. తరువాత బొంబాయి దాదర్‌లో కట్టుకున్న 'రాజగృహ'లో వేలకొద్దీ పుస్తకాలు చేర్చారు. కాబట్టి ఏది మంచిదని కాదు, ఏ పుస్తకానికి ఏ దారి అని ఆలోచించాలి.

లైబ్రరీ ఎప్పుడు మేలు?

ఒక్కసారి చదివితే సరిపోయే కథలు, నవలలు, జీవిత చరిత్రలు, దినపత్రికలు లైబ్రరీలోనే చదవాలి. అది ఎవరో పెట్టే దానం కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. మన ఊళ్లో ఇంటిపన్ను కట్టే ప్రతి కుటుంబం డబ్బూ అందులో ఉంది. కాబట్టి మొహమాటం లేకుండా సభ్యత్వం తీసుకోండి.

అయితే ఒక ఇబ్బంది ఉంది. నోటిఫికేషన్ పడిందంటే అందరికీ ఒకే పుస్తకం కావాలి. మన వంతు వచ్చేసరికి పరీక్ష అయిపోతుంది.

కొనడం ఎప్పుడు మేలు?

రోజూ తిరగేసేవి, గీతలు గీసుకునేవి సొంతంగా ఉండాలి. ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు, గ్రామర్, గణితం, అట్లాసు ఇలాంటివే. గ్రామర్, గణితం పాతబడవు. హైదరాబాద్‌లో కోఠి దుకాణాల్లోనూ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదా బేరమాడితే సగం ధరకు, ఒక్కోసారి ఇంకా తక్కువకు దొరుకుతాయి. కానీ ఒక్క పుస్తకం కోసం మంచిర్యాలలో రైలెక్కితే మిగిలింది చార్జీలకే పోతుంది. నలుగురూ జాబితా రాసి ఒకరిని పంపాలి.

కొనేముందు చూడవలసినవి

1. ముద్రణ సంవత్సరం: 2016 అక్టోబరుకు ముందు అచ్చయిన పుస్తకంలో మనం ఇంకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంటాం! 2017లో జీఎస్టీ వచ్చింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. జనరల్ నాలెడ్జ్, పాలిటీ, చట్టాల పుస్తకాలు పాతవి కొంటే మార్కులు పోతాయి.
2. పేజీలు: మధ్యలో చిరిగినవి, జవాబుల పేజీలు లేనివి వద్దు.
3. సిలబస్: ఇప్పటి సిలబస్‌తో పోల్చుకున్నాకే డబ్బివ్వాలి.

తెచ్చాక అట్ట వేయాలి. మన బొగ్గు దుమ్ముకు అట్ట లేని పుస్తకం ఏడాదికే నల్లబడుతుంది. ట్రంకుపెట్టెలో ఎండిన వేపాకు వేస్తే పురుగు దరిచేరదు.

ఇంట్లో ఒక అర

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మనలాంటి ఇళ్లల్లో చాలావాటిలో పుస్తకాల అర ఉండదు. లైబ్రరీ పుస్తకం గడువు తీరగానే వెళ్లిపోతుంది. మనం కొన్న పాత నిఘంటువు ఇంట్లోనే ఉండి, రేపు చెల్లెలి చేతిలో పడుతుంది. పది పుస్తకాలున్నా అది ఆ ఇంటికి ఆస్తే.

చివరగా ఒక మాట. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం కొందరు పూనుకుంటేనే వెలిశాయి. హాస్టల్ వదిలి వెళ్లే ప్రతి సీనియర్ తనకు అవసరం తీరిన రెండు పుస్తకాలు ఇక్కడ వదిలి వెళ్తే, కొనలేని తమ్ముడికి అదే లైబ్రరీ అవుతుంది. పూర్వ విద్యార్థులు కూడా ఈ వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు చేతిలో ఒక పుస్తకంతో రావాలని కోరుతున్నాను.